విల్లు ఒకరి దగ్గర, నామినేషన్ ఇంకొకరి దగ్గర

సొంత ఇల్లు, నాలుగెకరాల పొలం, రెండు ఎల్‌ఐసీ పాలసీలు, కాసిని మ్యూచువల్ ఫండ్లు ఉన్న తెలుగు కుటుంబాన్ని దేన్నయినా తీసుకోండి. పొలం కాగితాల సంగతి వకీలుకు తెలుసు, లేదా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట కూర్చునే దస్తావేజు లేఖరికి తెలుసు. పాలసీల సంగతి ఏజెంటుకు తెలుసు. ఏటా రిటర్నులు వేసే ఆడిటరుకు అద్దెలూ వడ్డీలూ తెలుసు. ఫండ్లు అమ్మినతనికి సిప్‌లు తెలుసు. ఈ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు. ఇంటాయన పోయి పెద్దకర్మ కాగానే వీళ్ల చుట్టూ విడివిడిగా తిరిగేది భార్యో, కూతురో. వకీలు రాసిన విల్లులో ఉన్నదొకటి, ఏజెంటు నింపిన ఫారంలో ఉన్నది ఇంకొకటి అన్నది అప్పుడుగాని బయటపడదు.

న్యాయవాదీ ఆర్థిక సలహాదారూ కలిసి కుటుంబ వారసత్వాన్ని ముందుగా సరిచూసి పెట్టడం అమెరికాలో స్థిరపడిన వృత్తి. మన దగ్గర కూడా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే కారణం ఒకప్పుడు ఉండేది. 1953 నాటి ఎస్టేట్ డ్యూటీ చట్టం ప్రకారం చనిపోయినవారి ఆస్తి మీద సుంకం కట్టాల్సి ఉండేది. పెద్ద ఆస్తుల పై శ్లాబు 85 శాతం దాకా వెళ్లింది. వసూలయ్యేది స్వల్పం, తగాదాలు అనేకం కావడంతో ఆర్థికమంత్రి వి.పి. సింగ్ 1985లో దాన్ని ఎత్తేశారు. ఆ సుంకం పోయినందుకు ఎవరూ ఏడవనక్కర్లేదు. కాకపోతే దానితోపాటే, "మీ తర్వాత ఇదంతా ఎవరికి?" అని ఆడిటరు అడగాల్సిన అవసరమూ పోయింది. అప్పట్నుంచి మనకు వారసత్వ ప్రణాళిక అంటే విల్లు రాయించడం, అంతే. అదీ ఆపరేషన్‌కు ముందు హడావుడిగా.

ఇందులో మొదటి చిక్కు నామినేషన్. పాలసీ ఫారం నింపే రోజు ఇంట్లో ఎవరుంటే వాళ్ల పేరు రాయడం మనకు అలవాటు. ముగ్గురు పిల్లల్లో పెద్దవాడు ఆ పూట ఇంట్లో ఉన్నాడు, ఆధార్ కార్డు చేతికి అందింది, అతని పేరే పడింది. పదిహేనేళ్ల తర్వాత తండ్రి విల్లులో "నా యావదాస్తి నా ముగ్గురు సంతానానికి సమభాగాలుగా" అని రాయిస్తాడు. వకీలు పాలసీలు చూడడు, ఏజెంటుకు విల్లు ఉన్నట్టే తెలియదు. డబ్బు పెద్దవాడి ఖాతాలో పడుతుంది. అది అతనిదేనా?

కోర్టులు చెప్పిన జవాబు ఆస్తిని బట్టి మారుతుంది. నామినీ డబ్బు అందుకునే చేయి మాత్రమే, హక్కు వారసులదే అని సుప్రీంకోర్టు 1983లో శర్బతీ దేవి కేసులో జీవిత బీమా గురించి తేల్చింది. బ్యాంకు డిపాజిట్లకూ 2010లో అదే చెప్పింది. కంపెనీ వాటాల విషయంలో కింది కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచిన వాదానికి 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ తీర్పుతో తెరపడింది, అక్కడా నామినీ యజమాని కాడు. బీమా మాత్రం 2015లో దారి మార్చుకుంది. చట్ట సవరణతో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లు అనుభవించడానికే. అంటే మన ఉదాహరణలో పెద్దవాడు పాలసీ సొమ్ము తనదేనని గట్టిగా వాదించగలడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల దగ్గర మాత్రం ఆ వాదన నిలవదు. భవిష్యనిధిలో ఇంకో తిరకాసు ఉంది. పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. కొత్తది రాయాలని ఎంతమందికి తెలుసు?

ఈ మధ్య నిబంధనలు మారాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురిని, ఎవరికెంత శాతమో చెప్పి మరీ నామినీలుగా పెట్టుకోవచ్చు. ఫండ్లకూ డీమ్యాట్ ఖాతాలకూ సెబీ పదిమంది దాకా ఒప్పుకుంది. విల్లులో సమభాగాలని ఉంటే ఫారంలోనూ సమభాగాలే రాయడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు. విల్లు జిరాక్సు సలహాదారు చేతిలో పెడితే ఇది గంట పని. ఇద్దరి మధ్య జరగాల్సిన సహకారంలో సగభాగం ఇంత చిన్న పనే. అయినా జరగదు. జరగనందుకు నేను ఎక్కువ తప్పు వకీళ్ల మీదే వేస్తాను. యావదాస్తి అన్న ఒక్క మాటతో పని ముగించడం వాళ్లకు సులువు, ఆ మాటలో ఏమేం ఉన్నాయో అడగడం కష్టం.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఈ అలవాటు వెంట తీసుకెళ్తే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఫారంలో పేరున్నవారే సాధారణంగా హక్కుదారులు, విల్లు దాని జోలికి రాదు. ఎగెల్‌హాఫ్ కేసు దీనికి ఉదాహరణ. బోయింగ్ ఉద్యోగి ఒకాయన 1994లో విడాకులు తీసుకున్నాడు, ఆఫీసు బీమాలోనూ పింఛనులోనూ మాజీ భార్య పేరు మార్చకుండానే కొన్నాళ్లకు కారు ప్రమాదంలో పోయాడు. విడాకులతో అలాంటి నామినేషన్ రద్దవుతుందని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం చెబుతున్నా, ఉద్యోగుల ప్రయోజన పథకాలకు కేంద్ర చట్టమే వర్తిస్తుందని 2001లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మొదటి పెళ్లి పిల్లలు కోర్టు దాకా వెళ్లీ ఓడిపోయారు. విడాకుల పత్రాలు రాసే లాయరుకు ఆఫీసు బీమా ఫారం గుర్తుకురాకపోతే, బీమా చూసేవారికి విడాకుల కబురు అందకపోతే జరిగేది ఇదే. అక్కడ లాయరూ సలహాదారూ కలిసి కూర్చోవాలన్న పట్టింపు ఇలాంటి దెబ్బలు తిన్నాకే బలపడింది.

అక్కడి రెండో పాఠం ట్రస్టులది. కోర్టు చుట్టూ తిరగనక్కర్లేకుండా లాయరు చక్కటి లివింగ్ ట్రస్టు రాసిపెడతాడు, తోలు బైండింగు ఫైలు ఇంటికొస్తుంది. ఇల్లూ పెట్టుబడి ఖాతాలూ మాత్రం పాత పేర్ల మీదే ఉండిపోతాయి. ట్రస్టు పేరు మీదకు మారని ఆస్తిని ట్రస్టు కాపాడలేదు. మార్చాల్సిన ఫారాలు సలహాదారు దగ్గరుంటాయి, మార్చమని రాసిన లాయరు బిల్లు తీసుకుని ఫైలు మూసేస్తాడు. అందుకే అక్కడి మంచి సలహాదారులు ట్రస్టు సంతకాలయిన తర్వాత ఖాతాల పట్టిక తీసుకుని ఒక్కొక్కటీ ఎవరి పేరున ఉందో లాయరుతో కూర్చుని సరిచూస్తారు. మన దగ్గర దీనికి సరిసమానమైన పని మ్యుటేషన్. విల్లు ఎంత బాగా రాసినా పట్టాదారు పాసుపుస్తకంలో, మునిసిపల్ పన్ను రికార్డులో పేరు మారేదాకా వారసుల తిరుగుడు తప్పదు.

సముద్రానికి రెండు వైపులా ఆస్తులున్న ఇళ్లలో ఇద్దరు లాయర్లు అవసరం, ఇద్దరూ ఒకరి రాత ఒకరు చదవడం ఇంకా అవసరం. డాలస్ లాయరు రాసే విల్లు మొదటి పేరాలో "ఇంతకుముందు రాసిన విల్లులన్నీ రద్దు" అన్న మాట మామూలుగా ఉంటుంది. గుంటూరులో రిజిస్టరు చేయించిన విల్లు ఆ ఒక్క వాక్యంతో ఎగిరిపోవచ్చు. ఇది ఫలానా దేశంలోని ఆస్తికే పరిమితం అని ఒక ముక్క చేరిస్తే సరిపోతుంది, చేర్చాలని ఆ లాయరుకు చెప్పేవాళ్లుండాలి.

హైదరాబాద్ దాటకుండానే అమెరికా చట్టంలో ఇరుక్కునేవాళ్లూ ఉన్నారు. అమెరికన్ కంపెనీ హైదరాబాద్ ఆఫీసులో పనిచేస్తూ జీతంలో భాగంగా వాటాలు తీసుకుంటున్న ఉద్యోగి అక్కడి పౌరుడూ కాదు, నివాసీ కాదు. అయినా అమెరికన్ కంపెనీ వాటాలు అక్కడి ఆస్తిగానే లెక్క. అలాంటివారికి 60,000 డాలర్లు దాటిన అమెరికా ఆస్తి మీద ఎస్టేట్ పన్ను వర్తిస్తుంది, పై రేటు 40 శాతం. అమెరికా పౌరులకూ స్థిరపడినవారికీ 2026లో ఈ మినహాయింపు కోటిన్నర డాలర్లు, తేడా చూడండి. ఈ పన్ను విషయంలో భారత్, అమెరికాల మధ్య ఒప్పందం లేదు. వనస్థలిపురం వకీలుకు ఇది తెలియాలని ఆశించలేం. వాటాలు అమ్మి డబ్బు ఇక్కడికి తెచ్చుకోమని సమయానికి చెప్పగలిగేది ఆర్థిక సలహాదారే.

ఇద్దరూ కలిసి చేయాల్సిన అసలు పని ఇంకొకటుంది. ఎవరికెంత అన్నది కుటుంబం తేల్చుకుంటుంది. ఎవరికి ఏది అన్నది మాత్రం వీళ్లిద్దరూ తేల్చాలి. విజయవాడలో ఉన్న రిటైరయిన దంపతులనుకుందాం. కొడుకు డాలస్‌లో, అమెరికా పౌరుడు. కూతురు హైదరాబాద్‌లో. ఆస్తి ఒక ఫ్లాటు, తెనాలి వైపు మూడెకరాల మాగాణి, మ్యూచువల్ ఫండ్లు, బ్యాంకు డిపాజిట్లు. వకీలు న్యాయంగా ప్రతిదాంట్లో చెరిసగం రాస్తాడు. కాగితం మీద దీనికి వంకపెట్టేది లేదు.

ఇప్పుడు కొడుకు వాటా చూడండి. ప్రవాస భారతీయులు పొలం కొనకూడదు గాని వారసత్వంగా పొందవచ్చు, కాబట్టి ఎకరంన్నర వస్తుంది. అమ్మాలంటే ఇక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. ఫ్లాటు అమ్మితే, ఇక్కడి మనిషి అమ్మితే ఒక శాతం కోసే టీడీఎస్ అతని దగ్గర చాలా ఎక్కువ రేటుకు కోస్తారు, తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప. వచ్చిన డబ్బు ప్రవాసుల ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో పడుతుంది, బయటికి తీసుకెళ్లడానికి ఏడాదికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉంది, ఇది మాత్రం చాలామందికి అడ్డు కాదు. అన్నిటికన్నా గడ్డు సమస్య ఫండ్లతో. భారతీయ మ్యూచువల్ ఫండ్లను అమెరికా పన్ను చట్టం ప్రత్యేక తరగతిలో పెట్టి కఠినంగా చూస్తుంది, ఒక్కో ఫండుకూ వేరే ఫారం నింపాలి. అతని అకౌంటెంటు తీసుకునే ఫీజు కొన్నిసార్లు ఆ ఫండు లాభాన్నే మింగేస్తుంది. డిపాజిట్లకు ఇన్ని తంటాలు లేవు. లక్ష డాలర్లు దాటిన వారసత్వం వస్తే అక్కడ ఒక సమాచార ఫారం దాఖలు చేయాలి, పన్నేమీ లేదు.

ఇది తెలిసిన సలహాదారు పక్కన ఉంటే పంపకం వేరుగా ఉంటుంది. పొలమూ ఫండ్లూ కూతురికి, డిపాజిట్లూ ఫ్లాటూ కొడుక్కి, లేదా ఫ్లాటు తల్లిదండ్రులే తమ చివరి రోజుల్లో అమ్ముకుని డిపాజిట్ చేసేలా. ఇక్కడ వకీలు మళ్లీ రావాలి, ఎందుకంటే రాజధాని దగ్గరి పొలం ధర అయిదేళ్లలో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఈ రోజు సరిసమానంగా ఉన్న పంపకం అప్పటికి పక్షపాతంగా కనిపిస్తుంది. తండ్రి పోయిన నాటి విలువల ప్రకారం తేడా వస్తే ఎక్కువ పొందినవారు ఇంతలోగా ఇంత డబ్బు ఇవ్వాలి, విలువ ఫలానా వారు కట్టాలి అని రాయడం వకీలు విద్య. సలహాదారు తనంతట తాను అలాంటి క్లాజు రాస్తే అది కోర్టులో ఎటు తిరుగుతుందో తెలియదు. వకీలు తనంతట తాను రాస్తే ఆ అవసరమే అతనికి తట్టదు.

అసలు ఆస్తిలో తండ్రికి ఎంత భాగం ఉందన్నది కూడా మన దగ్గర వకీలు తేల్చాల్సిందే. పిత్రార్జితంలో తన వాటా వరకే విల్లు రాయగలడు. ఆ వాటా లెక్క కూతుళ్ల హక్కుతో ముడిపడి ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచే కూతుళ్లను సమభాగస్వాములను చేసింది, అప్పటికే పెళ్లయినవాళ్లను మినహాయించి. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ తీర్పు చెప్పింది. ఎప్పుడో నోటిమాటగా జరిగిన పంపకాలను నమ్ముకుని ఆడిటరు గీసిన పథకం ఇక్కడే కూలుతుంది.

మన విల్లుల్లో తరచూ కనిపించే మరో వాక్యం: "నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కొడుకులకు." భార్యకు నీడ, కొడుకులకు ఆస్తి అన్న ఉద్దేశం. మనోవర్తి హక్కుకు బదులుగా స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుందని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. తర్వాతి తీర్పులు అటూ ఇటూ పోయాయి, 2024 డిసెంబరులో ఈ గందరగోళాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించారు. ఈ వాక్యాన్ని వకీళ్లు పాత విల్లుల్లోంచి ఎత్తి రాయడం మానేస్తే మంచిది. సలహాదారు అడగాల్సిన ప్రశ్న ఇంకా మోటుది. ఇంట్లో ఉండే హక్కిచ్చారు సరే, ఆవిడ నెలనెలా తినేది దేనితో?

ఆడవాళ్ల సొంత ఆస్తి దగ్గరికొస్తే ఈ రెండు వృత్తులూ కలిసి విఫలమయ్యాయంటాను. హిందూ స్త్రీ విల్లు రాయకుండా చనిపోతే, పిల్లలూ భర్తా లేకపోతే, ఆమె కష్టార్జితం ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. ఆ తర్వాతే కన్నతల్లీ తండ్రీ. 2009లో ఓంప్రకాశ్ కేసులో, పెళ్లయిన కొద్దినాళ్లకే భర్తను పోగొట్టుకుని అత్తింటివారు వెళ్లగొట్టిన స్త్రీ సంపాదన అదే అత్తింటి వారసులకు దక్కింది. సుప్రీంకోర్టు సానుభూతి చెప్పి, చట్టం ఇంతే అంది. గచ్చిబౌలిలో లక్షల జీతం తీసుకుంటున్న, పిల్లల్లేని యువతి జీతం ఎంతో, ఫండ్లెన్నో ఆమె సలహాదారుకు తెలుసు, వారసత్వ చట్టంలో ఈ మెలిక ఉందని తెలియదు. మెలిక తెలిసిన వకీలు ఆమెను ఎన్నడూ చూడడు. విల్లు రాయించడానికి వచ్చేవారిలో మగవాళ్లే ఎక్కువ, అదీ అరవై దాటాక. ఆమెను వకీలు దగ్గరికి పంపగలిగింది సలహాదారు ఒక్కడే.

విల్లు వద్దు, బతికుండగానే రాసిచ్చేద్దాం అని ఆడిటర్లు చెప్పడం ఈ మధ్య పెరిగింది. రిజిస్టరైన దాన సెటిల్‌మెంటుతో తర్వాత గొడవ ఉండదన్నది వారి మాట. నిజమే, కాని అలా ఇచ్చింది మామూలుగా వెనక్కి రాదు. తల్లిదండ్రుల పోషణ చూడాలన్న షరతు తప్పిన బదిలీని రద్దు చేసే అధికారం 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. ఆ షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో మరో తీర్పు చట్టం ఉద్దేశాన్ని ఉదారంగా చదివింది. తీర్పుల మీద ఆధారపడే కన్నా ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం క్షేమం. ఆడిటరు చెప్పే పథకంలో ఈ వాక్యం సాధారణంగా ఉండదు.

ఇక డబ్బు సంగతి. వకీలు తన ఫీజులో భాగం వకీలు కానివారితో పంచుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన, ప్రకటనలిచ్చి పని తెచ్చుకోకూడదని మరొకటి. సెబీ దగ్గర నమోదైన సలహాదారు ఒకే కుటుంబం దగ్గర సలహాకు ఫీజూ, అమ్మిన ఫండు మీద కమీషనూ రెండూ తీసుకోకూడదు. డిస్ట్రిబ్యూటరుకూ బీమా ఏజెంటుకూ బతుకే కమీషన్. అందుకని విల్లు ఉచితంగా రాసిపెడతామనే ప్యాకేజీలు కనిపిస్తే ఆ ఉచితానికి ఎక్కడ వసూలు చేస్తారో అడగండి, చాలాసార్లు జవాబు పెద్ద ప్రీమియం పాలసీలో ఉంటుంది. ఒకే కప్పు కింద అన్నీ చేసిపెట్టే సంస్థల మీద నాకు నమ్మకం తక్కువ. వేర్వేరు ఫీజులు తీసుకుని ఒక పూట ఎదురెదురుగా కూర్చునే ఇద్దరు మేలు. ఆ కూర్చోబెట్టే బాధ్యత సలహాదారుదే కావాలి. వకీలు కుటుంబాన్ని జీవితంలో రెండుసార్లు చూస్తాడు, సలహాదారు ఏటా చూస్తాడు. పెళ్లి, పుట్టుక, విడాకులు, విదేశీ పౌరసత్వం మొదట తెలిసేది అతనికే.

అయితే ఒక జాగ్రత్త. మనం చెప్పుకున్నది బయటపెట్టమని కోర్టు బలవంతం చేయకుండా సాక్ష్య చట్టం కాపాడేది వకీలు దగ్గర చెప్పుకున్న మాటనే. ఆడిటరుకు, ఏజెంటుకు ఆ రక్షణ లేదు. రెండో కుటుంబమో, చేబదులో, బినామీ పేరున కొన్న స్థలమో ఉంటే ముందు వకీలుతో ఒంటరిగా చెప్పి, సలహాదారుకు ఏది ఎంతవరకు తెలియాలో ఆయననే అడగాలి.

చివరికి తయారవాల్సిన కాగితాలు రెండు. ఒకటి విల్లు. ఇద్దరు సాక్షుల సంతకాలతో, వీలైతే ఆస్తిలో ఏమీ రానివారితో, రాసినవారికన్నా చిన్నవాళ్లయిన సాక్షులతో. ఎందుకంటే తగాదా వస్తే బతికున్న సాక్షుల్లో ఒకరైనా కోర్టుకు రావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు సుంకం లేదు, కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచవచ్చు. రెండోది ఆస్తుల పట్టిక: ఖాతా, ఎవరి పేరున, నామినీ ఎవరు, అప్పు ఎంత. దీన్ని విల్లులో కలపకూడదు. కలిపితే కొత్త డిపాజిట్ చేసిన ప్రతిసారీ మళ్లీ సాక్షులను పిలిచి సవరణ రాయాలి. విల్లులో బ్యాంకు డిపాజిట్లన్నీ ఫలానావారికి అని తరగతులుగా రాసి, పట్టికను సలహాదారు ఏటా ఏప్రిల్‌లో, రిటర్నుల పనితో పాటే, కొత్తది చేసి తేదీ వేసి వకీలుకు ఒక ప్రతి పంపుతాడు. ఆ పట్టికకు చట్టం దృష్టిలో ఏ విలువా లేదు, కాని అది లేక పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి పోతున్నాయి, వాటిని వెతుక్కోవడానికే 2023లో ఉద్గమ్ పోర్టల్ తెరవాల్సి వచ్చింది.